ఎర్ర చుక్క వైపు

జూలై 9, 1994. శనివారం

మా ఇంట్లో నా గురించి ఒక తీర్మానం జరిగిపోయింది. నన్నెవరూ అడగలేదు. నాకు నాన్న చర్చిలో వాయించడం ఇష్టం లేదట. టాలహాసీ కాలేజీలో నాలుగేళ్ళు చదివొచ్చాక మన పాటలూ మన జనమూ నాకు నామోషీ అయ్యారట. అమ్మ ఈ మాట నాతో అనలేదు. చేప ముక్కలకి మొక్కజొన్న పిండి పట్టిస్తూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చర్చి పెద్దావిడ మదర్ ఐవీతో అంది. నేను పక్క గదిలో ఉన్నానని తెలిసే అంది.

"భౌతికశాస్త్రం చదివిన పిల్ల కదమ్మా. దానికి ఆత్మ కంటే కరెంటు ఎక్కువ కనిపిస్తుంది."

నేనన్నదల్లా ఒక్కటే. నాన్న యాంప్లిఫయర్‌కి తీగ మార్చాలని. రెండు పిన్నుల ప్లగ్గు తీసేసి, ఎర్త్ ఉన్న మూడు పిన్నులది పెట్టాలని. దానికి ఇంత కథ.

చిన్నప్పుడు ఆ యాంప్ పక్కన చాప వేస్తేగానీ నేను నిద్రపోయేదాన్ని కాదు. వెనక ట్యూబులు నారింజ రంగులో వెలుగుతుంటే, దుమ్ము వేడెక్కిన వాసన వస్తుంటే, నాన్న ఒళ్ళో స్టీలు గిటారు పెట్టుకుని, తీగెల మీద ఇనప కడ్డీ జారుస్తూ ఒకే వరస పదిసార్లు సాధన చేసేవాడు. గిటారు నాకు నేర్పమన్నాను, పదేళ్ళప్పుడు. "ఆడపిల్ల ఒళ్ళో బిడ్డ ఉండాలి, స్టీలు కాదు" అని నవ్వాడు. సరే, యాంప్ వెనక వైపు నాకు మిగిలింది. ఆ వైపు నాకే బాగా తెలుసు. ఆ సంగతి మాత్రం తీర్మానంలో లేదు.

జూలై 10, ఆదివారం

ఇవాళ మళ్ళీ ముద్దు పెట్టింది.

మా చర్చిలో దానికి ఆ పేరే. నాన్న వాయిస్తూ వాయిస్తూ పాట అందుకోవడానికి మైకు దగ్గరికి వంగితే, పెదవికీ మైకుకీ మధ్య చిటుక్కుమని నిప్పురవ్వ. తల వెనక్కి లాగుతాడు. జనం కేకలు పెడతారు. "ప్రభువు ముద్దెట్టాడు ఆల్విస్‌ని" అంటుంది మదర్ ఐవీ ముందు వరసలోంచి, విసనకర్ర ఊపుతూ. మైకుకి నాన్న తొడిగే ఎర్ర ఉన్ని టోపీ చూసి బయటి ఊళ్ళ వాళ్ళు అది మా చర్చి ముచ్చట అనుకుంటారు. అది నా పసిప్పటి టోపీ. ముద్దు తగలకుండా తొడిగాడు.

యాంప్ ప్లగ్గు మీద, చర్చి గోడ సాకెట్టు మీద ఒక్కో ఎర్ర చుక్క ఉంటుంది. 1961లో ఎజ్రా మావయ్య పెట్టాడు, అమ్మ గోళ్ళరంగుతో. చుక్క చుక్క కలిపి గుచ్చితే యాంప్ కరవదు. తిరగేసి గుచ్చితే కరుస్తుంది. ఊళ్ళో సగం రేడియోలకి మావయ్య పెట్టిన చుక్కలే. చుక్క కలిపినా చెమట రోజుల్లో ముద్దు తప్పదు, కానీ అది లెక్కలోకి రాదు.

"మావయ్యా, కరవకుండా ఉండటం వేరు, చంపకుండా ఉండటం వేరు" అన్నాను, భోజనాల దగ్గర.

"ముప్పై మూడేళ్ళయింది పిల్లా. నీకంటే పదకొండేళ్ళు పెద్దది ఆ చుక్క. కాస్త గౌరవమిచ్చి మాట్లాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

జూలై 12, మంగళవారం

నేను పనిచేసే లైబ్రరీలో సెలవు పెట్టి యాంప్ విప్పాను. నాన్న షిఫ్టుకి వెళ్ళాక. ట్యూబులు తీశాను, పెద్ద కండెన్సర్లలో దాగిన కరెంటు దించాను, కరెంటు గుండె మీదుగా పోకుండా ఒక చెయ్యి జేబులో పెట్టుకుని. అలా చెయ్యాలని నాకు నేర్పింది ఎజ్రా మావయ్యే, నా ఎనిమిదో ఏట.

లోపల అనుకున్నదే. మెయిన్స్ తీగ నుంచి ఇనప పెట్టెకి మధ్య ఒక చిన్న కండెన్సర్, మైనం కారి, పొట్ట ఉబ్బి. మోత తగ్గడానికి పెడతారు. అది చెడి షార్టయితే గోడలో కరెంటంతా పెట్టెలోకి, పెట్టెలోంచి గిటారు తీగెల్లోకి, తీగెల్లోంచి నాన్న చేతుల్లోకి. దీని పేరు ఈ పని చేసేవాళ్ళలో మృత్యు కండెన్సర్. మా చర్చిలో ముద్దు.

వెనక ఒక బుల్లి స్విచ్చి ఉంది. ఆ కండెన్సర్ రెండు తీగల్లో దేనికి తగులుకోవాలో మార్చేది. దాన్ని కుడివైపుకి తోసి, ఎవరో పాత గుడ్డ టేపు చుట్టి కదలకుండా చేశారు. టేపు రాయిలా గట్టిపడిపోయింది. స్విచ్చి, కండెన్సర్, రెండూ పీకేశాను. టేపుతో సహా అమ్మ పాత బిస్కెట్ల డబ్బాలో వేశాను.

జూలై 16, శనివారం

అయింది. మూడు తీగల కార్డు. ఆకుపచ్చ తీగ పెట్టెకి, బోల్టు వేసి, పళ్ళ వాషర్ వేసి, పెయింటు గీకి. కరెంటు వచ్చే నల్ల తీగ ఫ్యూజులోంచి, స్విచ్చిలోంచి. మూడుసార్లు మీటరుతో చూశాను. ఇంట్లో మూడు కన్నాల సాకెట్టుకి గుచ్చితే మెత్తటి మోత. అంతే, ఇంకేం లేదు.

నాన్న విన్నాడు. ఒక్క వరస వాయించి కడ్డీ ఎత్తేశాడు.

"సన్నబడింది."

"నాన్నా, శబ్దం దారిలో నేనేమీ ముట్టుకోలేదు."

"నా చెవులు నాకు చెప్తున్నాయి. ఇంతకు ముందు అది నా ముందు నిలబడేది. ఇప్పుడు చేతులు కట్టుకుని కూర్చుంది, బళ్ళో పిల్లాడిలా."

అమ్మ వంటింట్లోంచి "దాని చెయ్యి పడింది కదా మరి" అంది. నిజానికి శబ్దం ఏమీ మారలేదు. నేను పొద్దుటి నుంచి వింటున్నాను. కొంచెం కూడా మారలేదు.

జూలై 17, ఆదివారం

మూడు పిన్నుల ప్లగ్గు చర్చి గోడకి పట్టలేదు. పట్టదని నాకు తెలిసుండాల్సింది. మాది 1938 నాటి గోడ, రెండు కన్నాలే. పాటకి టైమైపోతోంది. నాన్న కారులోంచి పటకారు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"విరిచెయ్ ఆ మూడోదాన్ని."

"విరవను."

"అందరూ విరుస్తారే. దుకాణంలో మూడుంటాయి, ఇంటికొచ్చాక రెండుంటాయి."

"నేను విరవను నాన్నా."

జనమంతా చూస్తున్నారు. పాస్టర్ ప్రూయిట్ గారు వచ్చి పటకారు తీసుకుని కోటు జేబులో వేసుకున్నారు. "ఈ వారం తాళం, చప్పట్లు చాలు. ఎజ్రా గారు సాకెట్లన్నీ మూడు కన్నాలవి పెడతారు. ఎలాగూ బీమా వాళ్ళు అడుగుతున్నారు." మావయ్య వెనక బెంచీలోంచి టోపీ ఎత్తి చూపించాడు, అందరికీ.

స్టీలు లేని ఆదివారం మా చర్చిలో అదే మొదటిసారట.

జూలై 20, బుధవారం

జాక్సన్‌విల్ నుంచి ఉత్తరం. పరికరాల పరీక్షశాలలో ఉద్యోగం, సెప్టెంబరు ఒకటి నుంచి. ఎవరికీ చెప్పలేదు.

జూలై 23, శనివారం

మావయ్య ఎనిమిది సాకెట్లూ మార్చాడు. చక్కెర జబ్బుతో కళ్ళు మసకబారాయి, అయినా ప్లేట్లన్నీ తాడు పట్టినట్టు తిన్నగా ఉన్నాయి. వేదిక పక్కన ఉన్నదాన్ని పరీక్షించాను. బాగుంది.

"చూశావా, నీ ముచ్చట తీర్చాను" అన్నాడు. అతని చేతి వేలు పట్టుకున్నాను. ఈ ఊళ్ళో నా వైపు ఒక్కడైనా ఉన్నాడు.

జూలై 24, ఆదివారం

నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు.

జూలై 25, సోమవారం

బతికాడు. గుండె ఒక రాత్రంతా తాళం తప్పింది, పొద్దున్నే కుదుటపడింది. ఎడమ చేతి రెండు వేళ్ళు కడ్డీ పట్టుకున్న చోట తెల్లగా ఉడికిపోయాయి. పెదవి చీలింది.

రెండో పాటలో మైకుకి వంగాడు. టోపీ తొడగలేదు. నేనే తీసేశాను ఆ ఉదయం. "ఇక దీని అవసరం లేదు నాన్నా" అని. ఈసారి చిటుక్కుమనలేదు. అసలు శబ్దమే లేదు. నాన్న మైకుని పెదవులతో కరిచి పట్టుకున్నట్టు అయిపోయాడు, కడ్డీ తీగెల మీద బిగుసుకుంది, యాంప్‌లోంచి ఒకటే స్వరం, ఎడతెగకుండా. జనం ఆత్మ దిగిందనుకున్నారు. లేచి చేతులెత్తి స్తోత్రం, స్తోత్రం అన్నారు. నేను వరస దాటి వెళ్ళి ప్లగ్గు పీకేదాకా అన్నారు.

ఎంతసేపు? నాలుగు లెక్కపెట్టేంత. ఐదేమో.

జూలై 26, మంగళవారం

"ముప్పై మూడేళ్ళు ముద్దు పెట్టింది. నీ తీగ పడ్డ మొదటి రోజే పీక పట్టుకుంది." ఇది అమ్మ, ఆస్పత్రి వరండాలో, నా మొహం చూడకుండా.

మదర్ ఐవీ చిలగడదుంపల తీపి రొట్టె తెచ్చింది. నాకు ముక్క పెడుతూ, "నీ మీద ఎవరికీ కోపం లేదమ్మా. చదువుకున్నవాళ్ళు కూడా తప్పు చేస్తారు" అంది. ఆ క్షమ నేనడగలేదు. ఆ ముక్క తినలేదు.

నాన్న మాత్రం ఒక్కటే అడిగాడు. "పరీక్షించావా నువ్వు?"

"పరీక్షించాను."

"సరే మరి" అన్నాడు, కళ్ళు మూసుకుని. "అయితే నీ వల్ల కాదు."

పరీక్షించాను. యాంప్‌ని మూడుసార్లు. సాకెట్టుని కూడా. పరీక్షించాను.

జూలై 27, బుధవారం

సాకెట్టుని ఎలా పరీక్షించానో రాయాలి. మూడు బుల్లి దీపాలుండే గుచ్చుడు టెస్టరుతో. రెండు పసుపు దీపాలు వెలిగాయి. అంటే సరిగ్గా ఉన్నట్టు. మీటరు సంచిలోనే ఉంది. తియ్యలేదు. చర్చిలో వేడిగా ఉంది, మావయ్య పక్కన నిలబడి చూస్తున్నాడు, అతని పనిని మీటరు పెట్టి కొలిస్తే అవమానంలా ఉంటుందనిపించింది. అంతే.

జూలై 28, గురువారం

పాస్టర్ గారి భార్య దగ్గర చర్చి తాళం అడిగి, లైబ్రరీ భోజనవేళలో ఒక్కదాన్నే వెళ్ళాను. మీటరు ఒక కొన సాకెట్టు మూడో కన్నంలో పెట్టాను. రెండో కొనకి పొడుగు తీగ కట్టి, బాప్తిస్మపు తొట్టి కింద, భూమిలోకి దిగే నీళ్ళ గొట్టానికి తగిలించాను.

నూట పంతొమ్మిది వోల్టులు.

ఎర్త్ ఉండాల్సిన కన్నంలో పూర్తి కరెంటు. నేను ఎంతో శ్రద్ధగా, పెయింటు గీకి, పళ్ళ వాషర్ వేసి బిగించిన ఆకుపచ్చ తీగ, ఆ కరెంటుని తిన్నగా తీసుకెళ్ళి నాన్న చేతుల్లో పెట్టింది. మైకు తీగ వచ్చేది వెనక భోజనశాల నుంచి. అది ఆరేళ్ళ కింద కట్టింది, దాని ఎర్త్ నిజమైన ఎర్త్. ఆ మంచి ఎర్త్‌కీ ఈ దొంగ ఎర్త్‌కీ మధ్య నాన్న నోరు.

సాకెట్టు విప్పాను. గోడలోంచి వచ్చేవి రెండే తీగలు, గుడ్డ చుట్టినవి, రెండూ ఒకే మట్టిరంగు. ఎర్త్ తీగ లేదు. మూడో కన్నం మరనీ, తెల్ల తీగ, అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగ, తగలాల్సిన మరనీ మావయ్య ఒక చిన్న రాగి ముక్కతో కలిపాడు. పైగా రెండు తీగలూ తారుమారు, తెల్లదాని చోట కరెంటు తీగ. మూడు కన్నాలూ కూడబలుక్కుని ఒకే అబద్ధం చెప్తుంటే గుచ్చుడు టెస్టరు పాపం ఏం చేస్తుంది, నమ్మింది. నాలాగే.

ఎనిమిదీ చూశాను. ఎనిమిదీ అంతే.

జూలై 29, శుక్రవారం

మావయ్య వాకిట్లో కూర్చుని ఉడకబెట్టిన వేరుశనగలు ఒలుస్తున్నాడు. చెప్పాను.

"తెల్ల తీగ కరెంటు మీటరు దగ్గర భూమిలోకే పోతుంది. దాన్ని మూడోదానికి కలిపితే తప్పేముంది? నేర్చుకున్నప్పటి నుంచీ చేస్తున్నాను" అన్నాడు.

"ఆ ముక్క ఎందుకు పెట్టావు మావయ్యా? ఎర్త్ లేదని చెప్పొచ్చుగా."

"నువ్వు ఆ దీపాల డబ్బా పట్టుకొస్తావని తెలుసు. ఖాళీగా వదిలేస్తే అది వెలగదు. వెలగకపోతే నువ్వు మళ్ళీ మొదలెడతావు. మీ నాన్నకి ఇంకో ఆదివారం పోతుంది." శనగ తొక్క ఊశాడు. "నీకోసమే వెలిగేలా చేశాను."

"ఏది తెల్ల తీగో ఎలా తెలిసింది? రెండూ ఒకే రంగు."

నన్ను జాలిగా చూశాడు. "చుక్క. గోడ మీద ఎర్ర చుక్క ఉన్న వైపు కరెంటు లేని చల్లటి తీగ. నేనే కదా పెట్టింది. మిగతా ఏడూ దాన్ని చూసే చేశాను."

అప్పుడు గుర్తొచ్చింది, 12వ తారీకున నేనే ఇందులో రాశాను. స్విచ్చి కుడివైపుకి తోసి ఉంది, టేపు చుట్టి. ఆ స్విచ్చి తిప్పితే చుక్కకి అర్థం తిరగబడుతుంది. 1961లో మావయ్య చుక్క పెట్టిన రోజే స్విచ్చి అటు తిరిగి ఉంది. యాంప్ కరవలేదు కాబట్టి చుక్క వైపు చల్లటిదనుకున్నాడు. నిజానికి చుక్క ఉన్న వైపే కరెంటున్న వేడి తీగ. స్విచ్చీ తిరగబడింది, చుక్కా తిరగబడింది, రెండు తప్పులూ ఒకదాన్నొకటి పట్టుకుని ముప్పై మూడేళ్ళు ఒప్పులా నిలబడ్డాయి. ఒకదాన్ని నేను పీకి బిస్కెట్ల డబ్బాలో వేశాను. రెండోదాన్ని మావయ్య ఎనిమిది గోడలకి ఎక్కించాడు.

ఇదంతా చెప్పాను. మీటరు చూపిస్తానన్నాను.

"నా చుక్క తప్పు చెప్పదు" అన్నాడు. రెండోసారి చిన్నగా అన్నాడు. తర్వాత శనగల గిన్నె నా వైపు తోశాడు. నాకు అతని మీద కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ ఎక్కడా నిలబడలేదు.

జూలై 30, శనివారం

పాస్టర్ గారికీ చెప్పాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, "ఏడో తారీకు ఆదివారం చర్చి వార్షికోత్సవం. నాలుగు ఊళ్ళ నుంచి వస్తున్నారు. అది దాటాక అన్నీ చూద్దాం. అప్పటిదాకా మనలో మాట" అన్నారు.

"ఆ ఎనిమిదింట్లో ఒకదానికి మీ కరెంటు కాఫీ కుండ తగిలిస్తారండీ. స్టీలు కుండ. తడి చేతులతో."

"చెక్క స్టూలు మీద పెడదాంలే అమ్మా."

ఇంటికొచ్చేసరికి అమ్మకి తెలిసిపోయింది. నా మంచం మీద కూర్చుంది, ఎన్నేళ్ళకో.

"మా అన్నయ్య నన్ను పెంచాడు. ఈ ఊళ్ళో నల్లవాళ్ళిళ్ళకి కరెంటు తీగ లాగడానికి ఎవరూ రాని రోజుల్లో వాడే లాగాడు. చూపు పోతోంది. ఇంకెన్నాళ్ళుంటాడు? జనం ఎలాగూ నువ్వే చేశావనుకుంటున్నారు. నువ్వెలాగూ వెళ్ళిపోయేదానివి." ఉత్తరం చూసిందన్నమాట. "నీ మీదే ఉండనీ. నీకేం పోయింది?"

బాధేమిటంటే, తను అన్నదాంట్లో సగం నాకు న్యాయంగానే వినిపించింది.

జూలై 31, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. నాన్నని ఇంటికి తెచ్చాం. అమ్మ వంటింట్లోకి వెళ్ళాక నాన్న పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. చుక్క, స్విచ్చి, రాగి ముక్క. మీటరు సంచిలోంచి తియ్యలేదన్నదీ చెప్పాను.

టీవీలో బంతాట చూస్తూ విన్నాడు. "అంటే మైకు మంచిదేనా?" అన్నాడు.

"మంచిదే నాన్నా. ఎప్పుడూ మంచిదే."

"ముప్పై ఏళ్ళు దాన్నే తిట్టుకున్నాను. టోపీ కూడా తొడిగాను." కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "వార్షికోత్సవానికి ఆ పాత ప్లగ్గు మళ్ళీ పెట్టివ్వు. ఒంటి చేత్తో పట్టగలను. మీ అమ్మకి సర్దిచెప్తాను."

నన్ను నమ్మాడు. అయినా అడిగాడు. రెండూ ఒకే గుక్కలో.

ఆగస్టు 1, సోమవారం

లైబ్రరీకి వెళ్ళలేదు. పదింటికి కౌంటీ విద్యుత్ తనిఖీ కార్యాలయానికి వెళ్ళాను. కొలతలన్నీ రాసిచ్చాను. పని ఎవరు చేశారన్న చోట రెండు పేర్లు రాశాను. ముందు నాది. చదివి వినిపించమన్నారు, వినిపించాను. సంతకం పెట్టాను.

వాళ్ళు బుధవారం వచ్చి చర్చి కరెంటు మీటరు పీకేస్తారు. గోడలన్నిటికీ కొత్త తీగలు లాగి, ఎర్త్ కడ్డీ భూమిలో దిగేదాకా తిరిగి ఇవ్వరు. ఆదివారానికి కాదు.

యాంప్ నా గదిలో ఉంది. పాత ప్లగ్గు ముక్కలు చేశాను.

వార్షికోత్సవానికి చర్చిలో కరెంటు ఉండదు. తీయించింది నేను. సాయంత్రం భోజనాల దగ్గర నేనే చెప్తాను, మావయ్య కూడా వస్తాడు.